మెదడు తొడిమ

మా పాఠకురాలొకరు అనంతపురపు సీమనుండి జాబు వ్రాసిరి. జాబు మిక్కిలి దీర్ఘము. కాగితపు టంచులలో గూడ వ్రాత నిండియున్నది. ఆమె పేరును గ్రామమును మేము వెల్లడింపము. సారాంశమును మాత్ర మిచ్చట పొందుపఱచి, మా చేతనైన సమాధానము చెప్పుటకే ఈ మాసపు శీర్షికను వినియోగించుచున్నాము. పండుగ పిండివంటలను గూర్చి వ్రాసెదమని గత మాసమున మాట యిచ్చియుంటిమి. అవి యొక నెల ఆగినను చెడిపోవు.

ఆ యింట ముగ్గురు తోడికోడండ్రు. జాబు వ్రాసినవారు నడిమివారు. రెండేండ్ల క్రిందట పెద్దామె కుమారుడు, ఇరువదిరెండేండ్లవాడు, బెంగుళూరు పోవు పెద్దరోడ్డుమీద మోటారుసైకిలునుండి పడెను. తలకు హెల్మెట్టు లేదు. ఆసుపత్రిలో మూడవనాడు వైద్యుడు తండ్రిని వసారాలోనికి పిలిచి, మెదడు పూర్తిగా చనిపోయినదనియు, ఇక అబ్బాయి లేడనుకొమ్మనియు చెప్పెను. అప్పటికి వాని ఱొమ్ము ఎగసిపడుచునే యున్నది. చేయి వెచ్చగానే యున్నది. ఆ రాత్రి ప్రక్కన కూర్చున్న తల్లి కాలి బొటనవ్రేలు కదలుటను కన్నులార చూచినది. అవయవములను దానము చేసెదరా యని అడుగగా ఇంటివారు ఒప్పుకొనలేదు. మరునాటి సాయంకాలము గుండెయు నాగిపోయెను.

ఇక రెండవ సంగతి. కడచిన ఆషాఢములో కడపటి తోడికోడలు, విత్తనపు చెనిక్కాయ మూటలు పేర్చిన గదిలో నేలపై చాప వేసికొని పండుకొన్నది. తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచినది. అజీర్తియని తలంచి అత్తగారు వాముకషాయము కాచిరి. గ్రుక్క దిగక ముక్కుగుండ తిరిగివచ్చినది. ప్రొద్దు పొడుచునప్పటికి రెప్పలు వ్రాలిపోయినవి; నిద్ర చాలలేదనుకొనిరి. మాట ముద్దయైన తరువాత గాని ఇంటివారికి భయము పుట్టలేదు. పట్టణమునకు చేర్చునప్పటికి ఊపిరి లేదు. కనుపాపలు పెద్దవై, దీపము చూపినను చలింపకున్నవి. వెంట వచ్చిన పెద్దమనుష్యులు "ఇక లాభము లేదు, ఇంటికి తీసికొనిపోదము" అనిరి. అచ్చటి నర్సు మాత్రము ఎవరి మాటయు వినక రబ్బరుసంచిని పిసుకుచు ఊపిరి పంపుచునే యుండెను. పిమ్మట యంత్రము తగిలించిరి. అయిదవనాడు ఒక వ్రేలు కదలినది. తొమ్మిదవనాడు యంత్రము తీసివేసిరి. మాట వచ్చిన వెంటనే ఆమె యన్న దేమన, "మీరు మాటలాడిన దంతయు నాకు వినబడినది" అని.

ఆనాటినుండి పెద్దామె అన్నము సరిగా తినుట లేదట. "చెల్లీ, బొత్తిగా కదలని దానిని బ్రదికియున్నదనిరి. వ్రేలు కదలించిన నా బిడ్డను చచ్చినాడనిరి. ఇంకొక వారము యంత్రముమీద ఉంచియుండిన వాడును లేచి కూర్చుండెడివాడు గదా" అని అడుగుచున్నదట. "అక్కకు నేనేమి చెప్పవలెను?" అని మా పాఠకురాలి ప్రశ్న.

ఇది చదివి మేము రెండు దినములు కలము పట్టలేకపోతిమి. జవాబు లేక కాదు. జవాబు నిశ్చయముగా నున్నది. అది బొటనవ్రేలంత లావును, మూడంగుళముల లోపు పొడవును గల యొక చిన్న యవయవములో నున్నది. దానిని తెలిసికొననిదే ఆ తల్లికి ఎవరేమి చెప్పినను గాలిమాటయే యగును.

చదువరులు తమ మెడవెనుక వ్రేలుంచి మెల్లగా పైకి జరుపుడు. మెత్తని పల్లమొకటి తగిలి, దానిపై పుఱ్ఱె యెముక గట్టిగా తగులును. ఆ చోటికి సూటిగా లోపల పుఱ్ఱె అడుగున ఒక పెద్ద రంధ్రము కలదు. వెన్నుపాము ఆ రంధ్రముగుండ పైకెక్కి మెదడును కలిసికొనును. కలిసికొనుచోట నుండు కాడను శాస్త్రగ్రంథములలో మస్తిష్కకాండ మందురు. మేము తొడిమ యందుము. గుమ్మడికాయను బేరమాడునప్పుడు ముందుగా తొడిమ గట్టిగా నున్నదా యని చూతుము గదా! తొడిమ చెడిన కాయ పైకెంత నిగనిగలాడినను అటకమీద నిలువదు. మెదడును అట్టిదే. తూకములో ఈ తొడిమ మెదడంతటిలో సుమారు నలువదవ వంతు మాత్రమే. మనము జ్ఞాపకముంచుకొనుట, లెక్కలు కట్టుట, పాట పాడుట, కోపగించుట యన్నియు పైనున్న పెద్దమెదడు పనులు. ఆ పెద్దమెదడు మేలుకొనియుండుటకు గూడ తొడిమయే ఆధారము. తొడిమలో నొక సన్నని నాడీజాలము కలదు. అది అనుక్షణము పైకి సంకేతములు పంపి మెదడును మేలుకొలుపుచుండును. మొరూట్సి, మాగౌన్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు 1949లో దీనిని నిరూపించిరి.

తొడిమలో మూడు భాగములు ఒకదానిక్రింద నొకటి యుండును. పైది మధ్యమెదడు, నడిమిది సేతువు, క్రిందిది మజ్జాముఖము. సేతువను పేరు ఊరక పెట్టినది కాదు. ఇటలీదేశపు వరోలియో అను వైద్యుడు 1573లో ప్రకటించిన గ్రంథమున, ఈ భాగము కాలువపై కట్టిన వంతెనవలె నున్నదని వర్ణించెను. తలలోనుండి నేరుగా బయలుదేరు నాడులు పండ్రెండు జతలు. వాసనకు చూపునకు సంబంధించిన మొదటి రెండును విడిచిన, తక్కిన పదిజతలకును ఈ తొడిమయే పుట్టినిల్లు. కనుగ్రుడ్లను త్రిప్పునవి, రెప్పను ఎత్తునవి, నమలించునవి, నవ్వించునవి, వినిపించునవి, మ్రింగించునవి, నాలుకను ఆడించునవి యన్నియు ఇచ్చటివే. పెద్దమెదడునుండి చేతులకును కాళ్లకును పోవు ఆజ్ఞలు గూడ ఈ యిఱుకుదారినే దిగిపోవలెను. మజ్జాముఖపు అడుగున కుడివి ఎడమకును ఎడమవి కుడికిని దాటును. పక్షవాతమున తలలో ఎడమప్రక్క దెబ్బ తగిలిన కుడిచేయి పడిపోవుట అందువలననే.

ఇంటిలోనే ఈ తొడిమను పరీక్షింపవచ్చును. సంధ్యవేళ పిల్లవానిని చీకటివైపు చూడుమని చెప్పి, ప్రక్కనుండి టార్చిదీపము కంటిపై వేయుడు. నల్లపాప చటుక్కున చిన్నదగును. వాని యిష్టముతో పని లేదు. వద్దని ఏడ్చినను చిన్నదే యగును. ఆ సంగతి మధ్యమెదడులో జరుగును. నూలుపోగు కంటికి సోకిన రెప్ప మూతపడుట సేతువు పని. అంగిటిలో వ్రేలు తగిలిన డోకు వచ్చుట, ముద్ద అడ్డము పడిన దగ్గు వచ్చుట మజ్జాముఖపు పనులు. పొట్టలో చేరిన విషమును రక్తమున పసికట్టి వాంతి పుట్టించు చోటు గూడ అచ్చటనే కలదు. చూలింతల వేవిళ్లలో దానికి పాలున్నది, పాపము!

కాని మజ్జాముఖపు ముఖ్యోద్యోగము ఊపిరి. పెద్దవారు నిమిషమునకు పండ్రెండు మొదలు పదునెనిమిది సారులు ఊపిరి తీయుదురు, నిద్రలోను తీయుదురు. ఈ తాళమును వేయుటకు మజ్జాముఖములో ఒక చిన్న నాడీకణముల గుంపు కలదు. 1991లో దానిని కనుగొనినవారు దానికి ప్రీ-బోట్జింగర్ అని పేరు పెట్టిరి. దాని పొరుగు గుంపునకు అంతకుముందే బోట్జింగర్ అను పేరుండెను. అది జర్మనీలో నొక సభానంతరపు విందులో మేజాపై నున్న ద్రాక్షసారాయి సీసానుండి వచ్చినదట! పురుషుల సభలలో పేరు పెట్టుట ఇట్లుండును. మంకుపట్టు పట్టి ఊపిరి బిగించిన పిల్లవానిని చూచి తల్లులు కంగారుపడుదురు. రక్తములో బొగ్గుపులుసుగాలి పెరిగినకొలదిని మజ్జాముఖము దానిని పసికట్టి, బిగించినవానిచేతనే ఊపిరి పీల్పించును. ఊపిరి బిగబట్టి ఎవడును చావలేడు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. తరువాత దీనితో పని యున్నది.

మజ్జాముఖము ఆజ్ఞ యిచ్చిన చాలదు. ఆజ్ఞ నాడులగుండ దిగి, ఱొమ్మును పొట్టను వేఱుచేయు ఉదరవితానమను కండరమును చేరవలెను. ఆ కండరము ముడుచుకొనవలెను. అనంతపురపు సోదరీమణులకు ఇది బోరుబావి మోటారువంటిదన్న సులభముగా తెలియును. స్టార్టరు పెట్టె బాగుగ నుండి, తీగ మోటారు దగ్గర తెగినను నీరు రాదు. స్టార్టరే కాలిపోయినను నీరు రాదు. గట్టుమీద నిలిచి చూచువారికి రెండును ఒకటే: గొట్టము ఎండియున్నది. మెకానిక్కు వచ్చి పెట్టె తెఱచి చూచిన గాని భేదము తెలియదు. తీగ తెగినదానిని అతికింపవచ్చును.

చిన్నతోడికోడలికి తెగినది తీగ. ఆమెను కఱచినది కట్లపామని మేము సందేహింపము. జాబులో పాము కనబడినట్లు లేదు. అట్లు కనబడకుండుటయే దాని లక్షణము. నల్లని మేనిపై సన్నని తెల్లని కట్లు గల యీ పాము రాత్రివేళ తిరుగును, నేలపై నిద్రించువారిని కఱచును. గాటు దోమకాటంత, వాపు లేదు, మంట లేదు, ఒక్కొక్కప్పుడు గుఱుతు గూడ దొరకదు. ఇచ్చట నొక ముచ్చట. దీని జాతికి ప్రపంచపు శాస్త్రజ్ఞులందఱు వాడు పేరు బుంగారస్. అది మన బంగారమే. తెలుగుతీరమున ఉద్యోగము చేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో పాములను గూర్చి ప్రకటించిన గ్రంథమున, పసుపుకట్లు గల దీని దాయాదిని మనవారు పిలుచునట్లే బంగారుపామని వ్రాసికొనెను. ఆ పేరే లాటిను వేషము వేసికొని జాతి యంతటికి నిలిచినది. మన భాషకు దక్కిన ఈ గౌరవమునకు సంతోషింపవలెనో లేదో మాకు తెలియదు.

ఈ పాము విషము మెదడును ముట్టదు. నాడి చివర కండరమును తాకు సన్నని చోటు కలదు. విషము ఆ చోటున నాడి కొనలను పాడుచేసి, కండరమునకు సంకేతము అందకుండ జేయును. ముందుగా పడిపోవునవి రెప్పలెత్తు కండరములు, కనుగ్రుడ్లను త్రిప్పు కండరములు, పిమ్మట మ్రింగునవి, మాటాడించునవి, కడపట ఊపిరికండరములు. ఈ వరుసను మరల చదువుడు. తొడిమనుండి పుట్టు నాడులు ఏ కండరములకు పోవునో దాదాపు అవియే మొదట పడిపోవుచున్నవి. అందుచేతనే ఈ రోగి తొడిమ చచ్చినదానివలె కనబడును. కనుపాప గూడ పెద్దదై నిలిచిపోవచ్చును. లోపల తొడిమ నిక్షేపముగా నున్నది. పెద్దమెదడు మేలుకొని వినుచునే యున్నది. ఇట్టివారి మెదడులోని విద్యుత్తును నమోదుచేసిన సందర్భములలో మేలుకొన్నవారికుండు గుఱుతులే కనబడినవి. నాడి కొనలు మరల మొలచుటకు దినములో, వారములో పట్టును. అంతవఱకు ఊపిరిని మనము అరువిచ్చిన చాలును.

ఊపిరిని అరువిచ్చుట ఎప్పటినుండి కలదు? 1952లో డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగనులో పోలియోజాడ్యము ప్రబలెను. అది వట్టి కాళ్లు పట్టు పోలియో కాదు, మజ్జాముఖమును పట్టునది. మ్రింగలేక, ఊపిరి తీయలేక జనులు చనిపోవుచుండిరి. మొదటి వారములలో అట్టివారు 31 మందికి 27 మంది పోయిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్‌సెన్ అను మత్తువైద్యుడు, ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికయొక్క కంఠనాళమున రంధ్రము చేసి, గొట్టముంచి, రబ్బరుసంచితో ప్రాణవాయువును చేతితో పంపించెను. బాలిక బ్రదికెను. పట్టణమున చాలినన్ని యంత్రములు లేవు. అందువలన సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులు వేసికొని రేయింబవళ్లు నెలలతరబడి సంచులు పిసికిరి. అత్యవసర చికిత్సాలయములు, ఇప్పటి వెంటిలేటరు యంత్రముల వాడుక అందుండి పెరిగినవే. ఆ నర్సు చేతిలోని సంచికి ఇంత చరిత్ర యున్నది. ఆమె ఎవరో మాకు తెలిసిన, మా పత్రికను ఆమెకు పంపుదుము.

ఇప్పుడు పెద్దామె కుమారుని సంగతి. ఇది వ్రాయుట కష్టము. దాటవేయుట అంతకంటె తప్పు.

పుఱ్ఱె మూత బిగించిన పాత్ర. కాలికి దెబ్బ తగిలి వాచిన చర్మము సాగి చోటిచ్చును. మెదడు వాచిన చోటు లేదు. దారి యొక్కటే: అడుగున మనము చెప్పిన పెద్ద రంధ్రము. వాచిన మెదడు క్రిందికి త్రోసికొనివచ్చి తొడిమను ఆ యిఱుకులో నొక్కివేయును. లోపలి యొత్తిడి రక్తపు టొత్తిడిని మించినప్పుడు మెదడులోనికి నెత్తురు ఎక్కుట ఆగిపోవును. నెత్తురు లేని మెదడు నిమిషములలో నశించును. నశించినది మరల మొలవదు. చేతి చివర నాడికొన మొలచును గాని తొడిమలోని కణము మొలవదు. ఇచ్చట కాలిపోయినది స్టార్టరు పెట్టెయే.

అట్లయిన ఱొమ్ము ఏల ఎగసెను? యంత్రము గాలిని నెట్టుచుండుటచేత. గుండె ఏల కొట్టుకొనెను? గుండెకు తన తాళము తనలోనే కలదు. ప్రాణవాయువు అందునంతవఱకు మెదడు సెలవు లేకయే అది కొట్టుకొనగలదు. గుండె కొట్టుకొనుచుండిన చేయి వెచ్చగా నుండక మానదు. బొటనవ్రేలు ఏల కదలెను? ఆ తల్లి కన్నులు ఆమెను మోసగింపలేదు. వ్రేలు నిజముగానే కదలియుండును. తొడిమకు క్రింద, వీపులో నున్న వెన్నుపాము ఇంకను జీవించియుండును. అది తనంతట తాను కాలిని, ఒక్కొక్కప్పుడు చేయిని గూడ ఉలికింపగలదు. తొడిమ చనిపోయినవారిలో ఇట్టి కదలికలు కనబడుట వైద్యులకు తెలిసిన విషయమే. విషము ఎక్కిన చిన్నామెలో ఆ కండరముల సంధులే మూతపడుటచేత వ్రేలు గూడ కదలలేదు. కదలినది చచ్చుటకు కారణమును, కదలనిది బ్రదుకుటకు కారణమును ఇదియే. ఎంత తలక్రిందులుగా నున్నదో చూడుడు! ఆ తల్లి సందేహపడుటలో వింత యేమి?

వైద్యులు ఈ భేదమును కంటిచూపుతో నిర్ణయింపరు. మన దేశమున 1994లో చేసిన అవయవముల మార్పిడి చట్టము తొడిమ మరణమును మరణముగా నంగీకరించి, దానిని నిర్ణయించు పద్ధతిని విధించినది. నలుగురు వైద్యులు నిర్ణయింపవలెను. అందొకరు మెదడు, నాడుల వ్యాధులలో నిపుణులు. మొట్టమొదట, రోగి కదలకుండుటకు వేఱు కారణము లేదని రూఢిచేసికొనవలెను. మత్తుమందు, కండరములను సడలించు మందు, మితిమీరిన చలి, విషము ఇవి యేవియు ఉండరాదు. పాముకాటు శంక యున్న యెడల ఈ పరీక్షలకు పూనుకొనరాదు. చిన్నతోడికోడలు ఈ మొదటి గడపనే దాటదు.

పిమ్మట తొడిమను పైనుండి క్రిందికి తట్టి చూతురు. మనము ఇంటిలో చేసిన పరీక్షలే అవి. కంటిపై దీపము వేయుదురు. దూదిపోగు తాకింతురు. కనుబొమపైన గట్టిగా నొక్కి ముఖము చిట్లించునేమో చూతురు. చెవిలో మంచునీరు పోసి కనుగ్రుడ్లు కదలునేమో చూతురు. గొంతులోనికి సన్నని గొట్టము దింపి దగ్గు వచ్చునేమో చూతురు. ఏ యొక్కటి పలికినను ఆగిపోదురు. అన్నియు మౌనముగా నున్నప్పుడు కడపటి పరీక్ష: ముందుగా ప్రాణవాయువును నిండుగా నిచ్చి, యంత్రమును విప్పి, ఱొమ్మువైపు చూచుచు నిమిషములు గడపుదురు. రక్తములో బొగ్గుపులుసుగాలి పెరుగుచుండును. మంకుపట్టు పట్టిన పిల్లవానిచేత గూడ ఊపిరి పీల్పించునది ఈ గాలియే యని పైన చెప్పితిమి. అది నియమిత ప్రమాణమును దాటినను ఱొమ్ము ఒక్క మారును కదలకున్న, మజ్జాముఖము లేదని యర్థము. ఈ పరీక్షలన్నియు కనీసము ఆఱు గంటల యెడముతో రెండవ మారు చేయవలెను.

ఆ బాలునికి ఈ పరీక్షలు రెండు మారులు జరిగినవనియు, కాగితపు నకలు ఇంటిలో పెట్టెయందున్నదనియు మా పాఠకురాలు వ్రాసిరి. అట్లయిన వారము కాదు, నెల ఉంచినను వాడు లేచియుండెడివాడు కాడు. ఈ మాటను మేము నిస్సంశయముగా వ్రాయుచున్నాము.

మాకు కోపము వచ్చునది మఱొక చోట. వసారాలో నిలువబెట్టి రెండు ముక్కలలో చెప్పి వెడలిపోయిన ఆ వైద్యుడు, ఒక పావుగంట కూర్చుండి తల్లితో మాటలాడియుండిన, రెండేండ్ల తరువాత ఈ కుంపటి ఆమె గుండెలో రాజుకొనియుండదు. చావు వార్త తండ్రికి చెప్పిన చాలునను అభ్యాసము ఎప్పుడు పోవునో! ఇట్టి దుస్థితి ఎవరికైన వచ్చినప్పుడు స్త్రీలు వెనుకకు తగ్గక, ఏ పరీక్షలు చేసిరి, ఎన్ని మారులు చేసిరి, ఊపిరి పరీక్ష చేసిరా లేదా యని అడుగవలెను. అడుగుట అవిశ్వాసము కాదు. అవయవదానమునకు ఒప్పుకొనుట, ఒప్పుకొనకుండుట ఆ యింటివారి స్వేచ్ఛ. చట్టము దగ్గరి బంధువుల సమ్మతి లేనిదే ముట్టనీయదు. ఉమ్మడి రాష్ట్రమున 2013లో ప్రారంభమైన జీవన్‌దాన్ పథకమువలన ఎందఱకో మూత్రపిండములును, కాలేయములును లభించినవి. అది మంచి పని. కాదన్న ఆ తల్లిదండ్రులు పాపము చేసిరని మాత్రము ఎవరును అనరాదు.

ఇక, మిగిలిన చదువరులకు పనికివచ్చు మాట. అనంతపురపు పీఠభూమిలో ఏటికి వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున మాత్రమే కురియును. 2022లో జిల్లా రెండైనను వాన రెండింతలు కాలేదు. ఆ కొద్దివాన మీదనే చెనిక్కాయ పంట. విత్తనము ఇంటిలో దాచుకొనక తప్పదు. విత్తనమునకు ఎలుక వచ్చును, ఎలుకకు పాము వచ్చును. ఎండకు కాగిన మిద్దెయింటిలో చల్లని బండలపై చాప వేసికొనుట సుఖము గనుక మనుష్యులును అచ్చటికే వత్తురు. మన దేశమున 2000 మొదలు 2019 వఱకు పాముకాటువలన సుమారు 12 లక్షలమంది చనిపోయిరని 2020లో ప్రకటింపబడిన గణన చెప్పుచున్నది. అందు హెచ్చుమంది పల్లెలవారు. ఆంధ్రదేశము ఆ జాబితాలో ముందువరుసలోనే యున్నది.

కావున మూటలున్న గదిలో పండుకొనరాదు. నులకమంచమైనను చాలును, నేల వలదు. దోమతెరను పఱుపుక్రిందికి దోపుకొన్న పాము రాదు, దోమయు రాదు. రాత్రి లేచినప్పుడు టార్చి వేయక అడుగు దింపరాదు.

నేలపై నిద్రించినవారు తెల్లవారుజామున కారణము లేని కడుపునొప్పితోనో వాంతితోనో లేచి, రెప్పలు బరువన్నచో, గాటు వెదకుచు కూర్చుండక కట్లపామనియే తలంపుడు. నోట ఏమియు పోయరాదు. కషాయము గాని, మంచినీరు గాని, నేయి గాని వలదు. మ్రింగు కండరములు పడిపోయినప్పుడు పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును. ఆ యింట వాముకషాయము ముక్కుగుండ తిరిగివచ్చుట అదృష్టమే యనుకొనవలెను. కోయుట, పీల్చుట, తాడు బిగించుట, మంత్రగాని కొఱకు మనిషిని పంపుట వలదు. 108కి ఫోను చేయుడు. బండి ఆలస్యమగునేని దొరకిన బండిలో బయలుదేరుడు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. దారిలో ఊపిరి ఆగిన, ముక్కు మూసి నోటిలో నోరుంచి ఊదవలెను, చేరువఱకు మానరాదు. వైద్యునితో "నేలపై నిద్ర, తెల్లవారుజామున నొప్పి, రెప్పల వ్రాలుట" అను మూడు మాటలు ముందు చెప్పుడు. పాము ఏదని మన దేశపు విషహరమునకు అక్కఱలేదు; నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికిని ఒకే మందు.

మఱియొకటి. అట్టివారి మంచముప్రక్కన ఖర్మకాండలను గూర్చియు అప్పులను గూర్చియు మాటలాడకుడు. పేరు పెట్టి పిలిచి, "ఊపిరిని మేము పంపుచున్నాము, నీవు భయపడకుము" అని చెప్పుచుండుడు. కనులు తెఱవకున్నను చెవి వినుచున్నది.

మా పాఠకురాలికి: మీ యక్కగారికి ఈ వ్యాసమును చదివి వినిపింపుడు. కాని దీనికి ముందు పెట్టెలోని కాగితము తీయుడు. మీకు దగ్గర నున్న ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికడకు ఆమెను వెంటబెట్టుకొని పోయి, ఒక్కొక్క పంక్తిని తెలుగున చెప్పించుడు. దీపము వేసినది ఏ గంటకు, యంత్రము విప్పి ఱొమ్ము చూచినది ఏ గంటకు, రెండవమారు ఏ గంటకు అని ఆమె తన చెవులతో విననిండు. ఆమె ఎన్ని మారులు అడిగిన అన్ని మారులు చెప్పించుడు. కడపటి తోడికోడలిని గూడ వెంట తీసికొనిపొండు. ఆమె కనురెప్పలు పూర్తిగా లేచుచున్నవో లేదో ఆ వైద్యుడే చూచును.